చుట్ట ఎటువైపు?

మా మామ్మ చుట్ట వెలిగించుకునే తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. పొయ్యిలోంచి నిప్పుకణిక ఒకటి పుల్లతో ముందుకి లాగి, వంగి, చుట్ట కొస దానికి ఆనించి, బుగ్గలు లోపలికి పోయేలా రెండు మూడుసార్లు గట్టిగా పీల్చేది. కొస ఎర్రగా రాజుకున్నాక చుట్టని బయటికి తీసి, బూడిద తట్టి, చేతిలోనే అటు తిప్పి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. ఇక బయటికి కనిపించేది చుట్ట తోకే. అలా పెట్టుకునే పేడ ఎత్తేది, వడ్లు చెరిగేది, మా చెల్లిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. మాట్లాడేది కూడా. మామ్మలందరూ పెదాలు సరిగ్గా కదపకుండానే మాట్లాడతారని చిన్నప్పుడు నేను నిజంగా అనుకునేవాణ్ణి.

మాది శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేటకీ కళింగపట్నానికీ మధ్య ఒక చిన్న ఊరు. మా వైపు దీన్ని అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలోనే ఈ అలవాటు ఎక్కువ. ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పేవారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని ఒకరు, ఊడుపుల్లో వానొచ్చినా తడవదని ఒకరు, చంకలో పిల్లాడి మీద నుసి రాలదని ఇంకొకరు. మామ్మ మాత్రం "మాయమ్మ అలాగే కాల్సింది, నానూ అలాగే కాలుస్తన్నాను" అనేది. నిప్పు నోట్లో ఉంటే కాలదా అని అడిగితే నవ్వి, నోరు తెరిచి చూపించేది. నాలుక కిందికి నొక్కిపెట్టి, చుట్టని నాలుకకీ అంగిలికీ మధ్య ఎలా నిలబెట్టాలో ఆమెకి తెలుసు. అంగిలి మాత్రం తెల్లగా, ఎండిన చెరువు నేలలా పగుళ్ళతో ఉండేది. అందులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. ముసలివాళ్ళ నోళ్ళు అలాగే ఉంటాయనుకున్నాను. మా వీధిలో చాలామంది మామ్మల నోళ్ళు అలాగే ఉండేవి మరి.

నాకు పదేళ్ళప్పుడు, అంటే 1967 ప్రాంతంలో, మా ఊరికి ఒక జీపు వచ్చింది. ప్యాంటూ షర్టూ వేసుకున్న కొందరు ఇంటింటికీ తిరిగి అందరినీ నోరు తెరవమన్నారు. చేతిలో టార్చిలైటు, చిన్న గుండ్రటి అద్దం. కుటుంబ నియంత్రణ వాళ్ళని కొందరు, మశూచి టీకాల వాళ్ళని కొందరు అనుకున్నారు. మా పక్కింటావిడ వెనక గుమ్మంలోంచి పొలానికి వెళ్ళిపోయింది. మామ్మ మాత్రం అరుగు మీద కూర్చుని, చుట్ట పక్కన పెట్టి, నోరు తెరిచింది. వాళ్ళలో ఒకాయన చాలాసేపు చూసి పక్కనున్నాయనతో ఏదో ఇంగ్లీషులో చెప్పాడు, ఆయన కాగితం మీద రాసుకున్నాడు. ఏ చుట్ట, రోజుకెన్ని, ఎన్నేళ్ళ నుంచి, ఏ వైపు నోట్లో పెట్టుకుంటావు, అన్నీ అడిగారు. వాళ్ళు వెళ్ళిపోయాక మామ్మ "పెళ్ళిసూపుల్లో కూడా ఇన్ని అడగలేదు నాయనా" అంది. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వుకున్నాం.

1974లో విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో నాకు సీటొచ్చింది. మా ఊళ్ళో మొదటి డాక్టరుని నేనే కాబోతున్నానని మా నాన్న ఊరంతా పప్పుబెల్లాలు పంచాడు. మామ్మ తన రేకుపెట్టెలోంచి యాభై రూపాయలు తీసి ఇచ్చింది. ఆ నోట్లకి పొగాకు వాసన. పర్సులో పెట్టుకుని చాలాకాలం ఖర్చు పెట్టలేకపోయాను.

రెండేళ్ళకి పాథాలజీ, అంటే జబ్బు ఒంట్లో ఏం మార్పులు తెస్తుందో చూసే చదువు, మొదలైంది. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఫార్మలిన్ వాసన ముక్కుకి తగలగానే చాలామంది కళ్ళు నలుపుకుంటూ బయటికి పోయేవారు. నాకెందుకో మొదటి రోజే నచ్చేసింది. గాజుపలక మీద గులాబీ, ఊదా రంగుల్లో పరుచుకున్న ఆ సన్నటి పొరలో ఒక మనిషి కథ ఉంటుందన్నది నమ్మశక్యంగా ఉండేది కాదు. మ్యూజియంలో ఒక సీసాలో అంగిలి క్యాన్సర్ నమూనా ఉండేది. క్లాసులో కృష్ణా, గుంటూరు నుంచి వచ్చిన మిత్రులు దాని కింద రాసిన వివరం చదివి, నిప్పు నోట్లో పెట్టుకుంటారట అని నవ్వారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వాను. మా మామ్మ అలాగే కాలుస్తుందని చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1977 వేసవిలో ఇంటికి వెళ్తే మామ్మ చిక్కి సగమైంది. "నోరు మంటెడతంది నాయనా, కూడు సయించట్లేదు" అంది. అప్పటికే ఆరు నెలలుగా దగ్గర్లోని టౌనులో ఒక డాక్టరు దగ్గర చూపిస్తున్నారట. నోటిపూత అని బి-కాంప్లెక్స్ మాత్రలు, ఊదారంగు మందు ఇచ్చి పంపేవాడట. ఆ ఆరు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా టార్చి వేసి అంగిలి చూడలేదు. నేను వేసి చూశాను. ముందు పళ్ళకి కాస్త వెనకగా, అంచులు పైకి లేచిన పుండు. వేలితో తాకితే గట్టిగా తగిలింది. మర్నాడే ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కించాను. వాల్తేరు స్టేషన్లో దిగి రిక్షాలో కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్ళేదాకా మామ్మ నా చెయ్యి వదల్లేదు.

బయాప్సీకి పుండులోంచి చిన్న ముక్క తీశారు. సీసాతో పాటు పంపే కాగితం నింపే పని నాకే పెట్టారు. పేరు, వయసు, ఊరు, ఎన్నాళ్ళ నుంచి పుండు. అలవాట్లు అన్న గడి దగ్గర "చుట్ట" అని ఒక్క మాట రాసి, కాగితం పట్టుకుని మా ప్రొఫెసర్‌గారి గదికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు.

"మీ మామ్మగారా?"

"అవును సార్."

"చుట్ట అని రాశావు. ఎటువైపు?"

నేను మాట్లాడలేదు. ఆయన కోప్పడలేదు. పెన్ను నాకే ఇచ్చి, "సిగ్గుపడాల్సింది ఏముంది బాబూ, ఈ ఒక్క మాట కోసం పెద్ద పెద్దవాళ్ళు ఎంత కష్టపడ్డారో తెలుసా?" అన్నారు. నేను "అడ్డపొగ, నలభై ఏళ్ళకి పైగా" అని రాశాను. ఆ అక్షరాలు రాస్తుంటే చెయ్యి వణికింది.

నాలుగు రోజుల తర్వాత స్లైడ్ వచ్చింది. ఆయనే పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. పైపొర కణాలు తమ గట్టు దాటి వేళ్ళలా కిందికి దిగిపోయాయి. ఆ గుంపుల నడుమ ఉల్లిపాయ పొరల్లా చుట్టుకున్న కెరటిన్ ముత్యాలు గులాబీరంగులో మెరుస్తున్నాయి. స్క్వామస్ సెల్ కార్సినోమా, పైపొర కణాల క్యాన్సర్. అంత అందంగా ఉంటుందని పుస్తకంలో చదువుకున్న ఆ ముత్యాలు మా మామ్మ నోట్లోవి. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, ఆయన బీరువా తీసి ఒక పాత రీప్రింట్ నా చేతికిచ్చారు. స్టేపుల్ పిన్ తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మరక దిగింది. 1945 నాటిది, ఆర్కైవ్స్ ఆఫ్ పాథాలజీ అనే అమెరికన్ పత్రికలో వచ్చింది. రాసినవాళ్ళు వి.ఆర్. ఖనోల్కర్, బి. సూర్యాబాయి. శీర్షికని తెలుగులో చెప్పుకుంటే, అలవాట్లతో ముడిపడిన క్యాన్సర్, ఇండియాలో మూడు కొత్త రకాలు.

ఆ రాత్రి హాస్టల్ గదిలో చదివాను. మొదటిది ధోవతి క్యాన్సర్. నడుం చుట్టూ ధోవతి బిగించి కట్టుకునే చోట ఏళ్ళ తరబడి ఒరుసుకుని, చర్మం రంగు మారి, మందమై, చివరికి పుండు పడేది. రెండోది ఖైనీ క్యాన్సర్. బీహార్ వైపు పొగాకూ సున్నమూ నలిపి కింది పెదవి లోపల దోపుకుంటారు కదా, సరిగ్గా ఆ గాడిలోనే వచ్చేది. మూడోది చుట్ట క్యాన్సర్. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే ఆంధ్ర తీరం వాళ్ళ అంగిలి మీద వచ్చేది. మా మామ్మ జబ్బు నేను పుట్టకముందే అచ్చులో ఉంది. మిగతా ప్రపంచంలో గట్టి అంగిలి మీద క్యాన్సర్ అరుదు. మా దగ్గర మాత్రం మామూలు.

ఈ ఖనోల్కర్ ఎవరా అని వెతకడం అప్పుడు మొదలుపెట్టాను. వసంత్ రాంజీ ఖనోల్కర్, 1895లో పుట్టారు. లండన్‌లో చదువుకుని, 1923లో పాథాలజీలో ఎం.డి. చేశారు. బొంబాయి వచ్చి గ్రాంట్ మెడికల్ కాలేజీలో, తర్వాత సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1941 ఫిబ్రవరిలో పరేల్‌లో టాటా మెమోరియల్ హాస్పిటల్ మొదలైనప్పుడు అక్కడి లేబొరేటరీలు, పరిశోధన ఆయన చేతికొచ్చాయి. అప్పట్లో మన దేశంలో క్యాన్సర్ పరిశోధన అన్న మాటే కొత్త. ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఆసుపత్రికి వరసగా వచ్చిన 1,000 నోటి క్యాన్సర్ కేసుల్ని కూడదీసి, 1944లో క్యాన్సర్ రీసెర్చ్ పత్రికలో రాయడం.

పాథాలజిస్టు పని మామూలుగా ముక్క వచ్చాక మొదలై, రిపోర్టు సంతకం చేశాక అయిపోతుంది. రోగి ముఖం కూడా చూడనక్కర్లేదు. ఖనోల్కర్ అక్కడ ఆగలేదు. ఈ మనిషి ఎక్కడివాడు, ఏం తింటాడు, ఏం నములుతాడు, బట్ట ఎలా కట్టుకుంటాడు అని అడిగారు. బొంబాయి అందుకు తగిన ఊరు. ఒకే గాలి, ఒకే నీళ్ళు, కానీ మరాఠీలు, గుజరాతీలు, పార్సీలు, ముస్లింలు, క్రైస్తవులు, బీహార్ నుంచీ మన వైపు నుంచీ పొట్టచేతపట్టుకుని వెళ్ళినవాళ్ళు. ఎవరి ఆచారాలు వాళ్ళవి, క్యాన్సర్ వచ్చే చోటూ వేరువేరు. జబ్బు మన రక్తంలోనో ఎండల్లోనో లేదు, చేసే పనిలో ఉందన్నది ఆయన పట్టుకున్న కొస. పనిలో ఉన్నది మార్చుకోవచ్చు. ఇరవై ఏళ్ళ వయసులో నాకు ఆ ఆలోచన మీద ఎంత గౌరవం కలిగిందో అంత కోపమూ వచ్చింది. 1945లో తెలిసింది మా ఊరి అరుగు మీదికి ఎందుకు రాలేదు?

నిజానికి మన వైపు నుంచి ఈ మాట అంతకుముందే వెళ్ళింది. విశాఖపట్నం నుంచి కినీ, సుబ్బారావు అన్న ఇద్దరు డాక్టర్లు 1937లోనే ఇండియన్ మెడికల్ గెజెట్‌లో క్యాన్సర్ సమస్య గురించి రాస్తూ ఈ అంగిలి క్యాన్సర్లని పట్టి చూపించారు. 1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ మీద పూర్తి వ్యాసమే రాశారు. సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డిగారు, ఆయనతో పనిచేసినవాళ్ళు 1970ల మొదట్లో అంగిలిలోని చిన్న చిన్న లాలాజల గ్రంథుల నాళాలు పొగకి ఎలా మారిపోతాయో వివరంగా చూపించారు. మా మామ్మ నోట్లో నేను చిన్నప్పుడు చూసిన ఎర్ర చుక్కలు ఆ నాళాల మూతులే. అది చదివిన రోజు పుస్తకం మూసి, చాలాసేపు బీచి రోడ్డు మీద నడిచాను.

ఖనోల్కర్‌గారు ఊహించి వదిలెయ్యలేదు. ఎల్.డి. సంఘ్వీ అనే గణాంకాల మనిషిని కలుపుకుని, క్యాన్సర్ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి, పొగతాగడం, నమలడం లెక్కలు తీసి, 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చువేయించారు. సిగరెట్టుకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న బంధం గురించి ఇంగ్లండులో వాదోపవాదాలు నడుస్తున్న రోజులవి. అప్పటికే 1952లో ఇండియన్ క్యాన్సర్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది, దాన్ని నడిపింది ఆయనే. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన కమల్ రణదివె తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయ్యారు. కుష్ఠు మీద కూడా ఆయన పని చాలా ఉంది, ఆ బాక్టీరియా నరాల్లోకి ఎలా పాకుతుందో చూపించారు. బొంబాయి యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా, నేషనల్ రీసెర్చ్ ప్రొఫెసర్‌గా, క్యాన్సర్ మీద పనిచేసే అంతర్జాతీయ సమాఖ్యకి అధ్యక్షుడిగా, పద్మభూషణ్‌గా ఆయన పేరు వెనక చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఆయన అంటే ఆ తుప్పు పట్టిన స్టేపుల్ పిన్ను, ఆ మూడో క్యాన్సరు.

మామ్మకి కోబాల్ట్ రేడియేషన్ పెట్టించాం. మా వైపు అందరూ కరెంటు పెట్టడం అంటారు. నోరు ఉడికిపోయి, గంజి తప్ప ఏదీ దిగేది కాదు. సాయంత్రం క్లాసులయ్యాక వార్డుకి వెళ్ళి, గ్లాసులో గంజి చల్లార్చి, చెంచాతో పట్టేవాణ్ణి. ఒకరోజు ధైర్యం చేసి ఆ వ్యాసంలో ఉన్నది తెలుగులో చెప్పాను. బొంబాయిలో ఒక పెద్ద డాక్టరుగారు ముప్పై ఏళ్ళ కిందటే మీ అడ్డపొగ గురించి రాశారు మామ్మా అన్నాను. ఆమె చాలాసేపు నా వైపు చూసింది.

"నా గురించి కూడా రాశాడేటి?"

"నీలాంటోళ్ళ గురించి."

"మరి ఎవులూ సెప్పలేదేటి నాయనా మాకు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఖనోల్కర్‌గారికి ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇన్‌ల్యాండ్ లెటరు కొన్నాను. పరేల్, బొంబాయి అని అడ్రసు కూడా రాశాను. అయ్యా, మీరు 1945లో రాసిన మూడో రకం మా మామ్మ అని మొదలుపెట్టి, ఇంగ్లీషు సరిగ్గా కుదరక ఆపేశాను. పరీక్షలయ్యాక రాద్దామనుకున్నాను. మామ్మ 1978 శ్రావణంలో పోయింది. అదే ఏడాది అక్టోబరులో ఖనోల్కర్‌గారు కూడా పోయారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ ఇన్‌ల్యాండ్ లెటరు ఇంకా నా దగ్గరే ఉంది, నీలంరంగు కాస్త వెలిసింది.

ఎం.డి.లో నేను పాథాలజీ ఎంచుకున్నానని మా నాన్న కొంచెం నిరాశపడ్డాడు. స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని ఊళ్ళోకి రావాలని ఆయన ఆశ. పీజీలో ఉండగా ఒకరోజు లైబ్రరీలో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ పాత సంపుటం తిరగేస్తుంటే, 1971లో ఒక శీర్షిక దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పొగతాగడం, 10,169 మంది గ్రామస్తుల్లో అంగిలి మార్పుల అధ్యయనం. రాసినవాళ్ళలో మొదటి పేరు జె.జె. పిండ్‌బోర్గ్. కోపెన్‌హేగన్ నోటి పాథాలజిస్టు. డెంటల్ కాలేజీ పిల్లలు పిండ్‌బోర్గ్ ట్యూమర్ అని బట్టీపడతారే, ఆయనే. తర్వాతి పేర్లు ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, దఫ్తరీ, స్మిత్. వీళ్ళలో ఎక్కువమంది బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో బేసిక్ డెంటల్ రీసెర్చ్ యూనిట్ వాళ్ళు. అణుశాస్త్రవేత్త హోమీ భాభా స్థాపించిన సంస్థలో పళ్ళ డాక్టర్లు, లెక్కల మనుషులు కలిసి పల్లెల్లో నోళ్ళు చూశారంటే మొదట నమ్మలేదు.

చదువుతూ పోతే అందులో జిల్లా పేరు శ్రీకాకుళం. ఇంటింటి సర్వే. టార్చి, నోటి అద్దం. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. నాకు ఒళ్ళు జలదరించింది. మా అరుగు మీద కూర్చుని నోరు తెరిచిన మామ్మ ఆ లెక్కలో ఉందా? ఉంటుంది. పల్లెల పేర్లు అందులో లేవు కాబట్టి రుజువు చెయ్యలేను. కానీ ఆ జీపు, ఆ అద్దం, ఏ వైపు పెట్టుకుంటావన్న ఆ ప్రశ్న, ఆ ఏళ్ళు, అన్నీ సరిపోతున్నాయి. ఖనోల్కర్ బొంబాయి లేబొరేటరీలో కూర్చుని అడిగిన ప్రశ్న ఇరవై ఏళ్ళు ప్రయాణం చేసి మా గుమ్మంలోకి వచ్చింది, మేం దాన్ని చూసి పెళ్ళిచూపులని నవ్వుకున్నాం.

ఆ బృందం అంతటితో వదిలెయ్యలేదు. మొత్తం ఐదు జిల్లాలు, భావ్‌నగర్, ఎర్నాకుళం, శ్రీకాకుళం, సింగ్‌భూమ్, దర్భంగా, 50,915 మంది నోళ్ళు చూశారు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ వాళ్ళ దగ్గరికి పదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళి, తెల్లమచ్చ ఎప్పుడు ఏమవుతుందో రాసిపెట్టుకున్నారు. తర్వాత అసలైన పని మొదలుపెట్టారు. పొగాకు వాడే 36,000 మందికి పైగా జనానికి ఎదురుగా కూర్చుని చెప్పడం, సినిమాలు, పోస్టర్లు, రేడియో. ఊరికే చూసి రాసుకోవడం మానేసి, మానెయ్యండమ్మా అని బతిమాలడం. మానేసినవాళ్ళు పెరిగారు, కొత్త మచ్చలు తగ్గాయి. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చాయి. ఆ సంచిక చేతికొచ్చిన రోజు నేను ఇంటికి ఫోన్ చెయ్యలేదు, చేస్తే ఏడుస్తానని తెలుసు. మామ్మ అడిగింది కదా, ఎవులూ సెప్పలేదేటి అని. చెప్పారు మామ్మా. నీకు కొంచెం ఆలస్యమైంది.

నా సర్వీసంతా కోస్తాలోనే గడిచింది. పెద్ద పరిశోధనలేమీ చెయ్యలేదు, చిన్న పేపర్లు నాలుగైదు. రోజుకి ఇన్ని స్లైడ్లు చూడటం, పిల్లలకి పాఠాలు చెప్పడం, అదే నా జీవితం. కానీ బయాప్సీ కాగితంలో అలవాట్ల గడి ఖాళీగా వస్తే మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు. వార్డుకి ఫోన్ చేసేవాణ్ణి. "సార్, స్లైడ్ చూస్తే తెలిసిపోతుంది కదా, మీకు అదెందుకు?" అని హౌస్ సర్జన్లు విసుక్కునేవారు. క్యాన్సర్ అని స్లైడ్ చెప్తుంది. ఆవిడ కూతురు కూడా అలాగే కాలుస్తోందా, కోడలు కాలుస్తోందా అన్నది స్లైడ్ చెప్పదు. ఫోన్లో ఇదంతా చెప్పలేక "ముందు అడిగి చెప్పమ్మా" అనేసేవాణ్ణి. పాథాలజీ తీసుకున్న ప్రతి బ్యాచికీ మొదటివారంలో ఆ 1945 వ్యాసం జిరాక్సు ఇచ్చి చదవమనేవాణ్ణి. సగం మంది చదవరని తెలుసు. చదివిన సగం చాలనుకునేవాణ్ణి.

మా ఊళ్ళో ఇప్పుడు అడ్డపొగ దాదాపు కనిపించదు. మా అమ్మ మానేసింది, అక్కలు అసలు ముట్టుకోలేదు. అయితే లోపలి పల్లెల్లో, మత్స్యకారుల వాడల్లో పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా వీధిలో ఒకావిడ, మామ్మ ఈడువాళ్ళ పిల్లలకి పిల్ల, నన్ను చూసి "బాబూ, నా నోరు ఓపాలి సూడరాదా" అంది. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. తెల్లగానే ఉంది, పుండు లేదు. "మానేశాను బాబూ, మానేసి ఐదేళ్ళయింది" అని మూడుసార్లు చెప్పింది.

అగనంపూడిలో ఇప్పుడు టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గాజువాక దాటి ఆ బోర్డు పక్కనుంచి బస్సు వెళ్తున్నప్పుడల్లా నేను కిటికీ వైపు జరుగుతాను. 1977లో మా నాన్న బొంబాయి తీసుకెళ్దామా అని అడిగితే, ఛార్జీలు లెక్కపెట్టుకుని ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్న రాత్రి గుర్తొస్తుంది. ఆ పరేల్ ఇప్పుడు మన రోడ్డు పక్కకే వచ్చింది.

నెల కిందట నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు తనే అసిస్టెంట్ ప్రొఫెసర్. ఒక అంగిలి బయాప్సీ గురించి మాట్లాడి, రంగులు, నాళాలు, గట్టు దాటిన చోటు అన్నీ చెప్పింది. నేను అడిగేలోపే తనే అంది.

"కాగితంలో చుట్ట అని మాత్రమే ఉంది సార్. వార్డుకి ఫోన్ చేశాను."

"ఏమన్నారు?"

"అడ్డపొగేనట. అరవై రెండేళ్ళావిడ, పలాస దగ్గర ఊరు. ఇద్దరు కూతుళ్ళున్నారట సార్, రేపు వాళ్ళని కూడా రమ్మన్నాను."